కుంకుమ పెట్టిన తుపాకి

ఎనభైల మొదట్లో, దసరా వెళ్ళిన వారానికి, పుంగనూరులో మదనపల్లె బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన, కంబళిలో చుట్టిన తుపాకిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కుప్పం దిక్కు నుంచి వస్తున్నానన్నాడు. మా చౌడేపల్లె చేలమీద అడవిపందులు పడుతున్న రోజులవి. నేనూ ఒక తుపాకి కొనాలనుకుంటున్నానని, ఎప్పుడు కొంటే మంచిదని అడిగాను.

“ఎండాకాలంలో కొనప్పా. చేన్లో పంటుండదు, పందులు రావు. లైసెన్సుండే వాళ్ళకు అది బరువనిపిస్తాది, అగ్గవగా, సగం ధరకే ఇచ్చేస్తారు. దసరా అయినాక మాత్రం అడగబాక. పూజ చేసిన ఆయుధాన్ని ఎవురూ అమ్మరు.”

బస్సు కుదుపుకి కంబళి జారింది. తుపాకి గొట్టం మీద కుంకుమ బొట్టు ఇంకా చెదరలేదు.

“మరి దీన్ని యాడికి తీసకపోతాండారు?” అన్నాను.

“అమ్మేదానికే. మా ఊర్లో ఎవురూ కొనరు.”

“ఎందుకని కొనరు?” అన్నాను.

“శెనక్కాయ చేన్లో కదిలేది పందనుకోని కాల్సినా. మా ఎద్దప్పా. ఆయుధపూజ పొద్దు ఆ ఎద్దుకూ దీనికీ ఒకే గిన్నెలో కుంకుమ పెట్నా.”

తువ్వాలు కొనతో బొట్టు తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కంబళి మళ్ళీ కప్పి, మదనపల్లె దాకా దానిమీద అరచెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం పక్క ఊరి రైతొకడు తుపాకి తక్కువకే ఇస్తానని కబురు పెట్టాడు. నేను పోలేదు. ఇప్పటికీ చేలో ఏదైనా కదిలితే ముందు మా ఎద్దుల్ని పేర్లు పెట్టి పిలుస్తాను. ఆ తర్వాతే పందుల్ని తోలే డబ్బా వాయిస్తాను.