మాస్టారు కొట్టేసిన పేరు

నిన్న సాయంత్రం మా ఎదురు ఫ్లాటు పెద్దావిడ మనవడికి దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేశారు. మా అంతస్తులో ఉన్న నాలుగిళ్ళ వాళ్ళమూ దగ్గుకుంటూ వరండాలోకి వచ్చి పడ్డాం. ఆవిడ మాత్రం కారుతున్న కళ్ళు తుడుచుకుంటూ, "సూసేరా, ఘాటే రాలేదు. ఎంత దిష్టి తగిలీసినాదో!" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాక నవ్వు నిలవలేదు. మిరపకాయల పొగ తగిలితే నాకు మా వరలక్ష్మక్క గుర్తొస్తుంది, అక్క వెనకే సన్యాసిరావు మాస్టారు గుర్తొస్తారు. అలాంటి పొగలో ఒకనాడు మా ఇంట్లో ఏం జరిగిందో నాకు అర్థమయ్యేలా చేసింది ఆయనే. అప్పటికి ఆయన మా ఇంటి గడప కూడా తొక్కలేదు.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది నేను శ్రీకాకుళంలో ఇంగ్లీషు ఎమ్మే చదువుతున్నాను. మా పన్నెండుమందికి సాహిత్యం, సినిమా అనే పేపరు మాస్టారు చెప్పేవారు. పొందూరు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం వారిది. పొద్దున్నే పొలం చూసుకుని స్కూటరు మీద వచ్చేవారు. ప్యాంటు అంచుకి బురద ఉన్నా దులుపుకునేవారు కాదు. పాఠం ఇంగ్లీషులో మొదలయ్యేది. కోపం వస్తే మా భాషలోకి దిగిపోయేవారు, కోపం రోజూ వచ్చేది. నాకు మొదట్లో ఆయనంటే ఒళ్ళు మంట. నా మొదటి వ్యాసం అందరి ముందూ పైకెత్తి పట్టుకుని, "ఇది నువ్వు రాసేవా, గైడు రాసినాదా?" అని అడిగారు. గైడే రాసింది. ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చి, మర్నాడు ఆ గైడు ఎవరికో ఇచ్చేశాను.

ఆ ఏడాది ఆయన మా చేత ఒక పాత ఇంగ్లీషు సినిమా చదివించారు. ఒక చిన్నపిల్లకు దెయ్యం పడుతుంది. తల్లి డాక్టర్ల చుట్టూ తిరిగి, చివరకు మతగురువులను పిలుస్తుంది. కిటికీలకు హాస్టలు దుప్పట్లు కట్టి, మధ్యాహ్నం పూట గోడ మీద వేశారు. ఆడపిల్లలం ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని చూశాం. వెనక బెంచీ వీరుడొకడు సగంలో బయటికి పోయి మళ్ళీ రాలేదు. సినిమా అయ్యాక మాస్టారు దుప్పట్లు లాగేసి, "బయపడ్డం అయిపోనాదా? రేపట్నుంచి సదువుదాం" అన్నారు.

మర్నాడు శబ్దం పూర్తిగా తీసేశారు, మాటలు తెర కింద అక్షరాల్లో మాత్రం పడేవి. అరుపులు, గురగురలు, సంగీతం ఏమీ లేకపోయేసరికి గోడ మీద మిగిలింది మంచం మీద ఒక బక్కపిల్ల, ఆమె చుట్టూ పెద్దవాళ్ళ వీపులు. మాలో ఒక్కొక్కరికి ఒక్కో పాత్రను అప్పగించారు. "నీకు ఇచ్చిన మనిషి మీంచి కన్ను తియ్యకు. ఆ మనిషి ఏటి సేస్తాదో, ఏటి అంటాదో రాయి. మిగతా సినిమా నీకు అక్కర్లేదు." నాకు ఆ పిల్ల వచ్చింది. నేను బుద్ధిమంతురాలినని పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు "పిల్ల" అనీ, కుడివైపు "దెయ్యం" అనీ రాసి, ఎవరి మాటలు వాళ్ళ కింద సర్దాను. వారం తర్వాత మాస్టారు ఆ పుస్తకం చూసి, ఎర్ర పెన్నుతో దెయ్యం అన్న పేరు కొట్టేశారు.

"ఈ మాటలు వస్తన్నది ఏ నోట్లోంచి?"

"పిల్ల నోట్లోంచే సార్. కాని గొంతు..."

"గొంతు సంగతి నేను అడగలేదు. నోరు ఎవలిదో ఆ పేరు కింద రాయి. అంతమంది పెద్దోల్లు ఆ గదిలోకి వచ్చేరు కదా, అందరూ దెయ్యంతోనే మాటాడతన్నారు. పిల్లని ఎవలైనా పలకరించేరా? మళ్ళీ సూడు."

కుడివైపు మాటలన్నీ ఎడమవైపుకు తెచ్చి రాయడం మొదలుపెట్టాను. నాలుగో పేజీకి చేరేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి జాబితా ఒకటి నేను అంతకు ముందే రాసి ఉన్నాను.

అప్పటికి ఐదేళ్ళ కిందటి మాట అది. నరసన్నపేటలో మాకు కిరాణా దుకాణం. అక్కను కోటబొమ్మాళిలో బియ్యం వ్యాపారం చేసేవాళ్ళకి ఇచ్చారు. కొత్తకోడలు కనుక ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. నెలంతా బాగానే ఉంది, కాస్త తక్కువ తినేది అంతే. శ్రావణం వచ్చి, రేపు బావ తీసుకెళ్ళడానికి వస్తాడనగా అక్క జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. నాన్న మంత్రగాణ్ణి పిలిపించారు. పట్టపగలు, మా నట్టింట్లో, మిరపకాయల పొగ అక్క ముఖానికి పట్టారు. మావైపు దెయ్యాన్ని ఊరికే తరిమెయ్యరు. నీకేం కావాలని అడుగుతారు. అడిగింది ఇస్తే పోతుందని నమ్మకం. దస్తూరి బాగుంటుందని నన్ను కూర్చోబెట్టి, అడిగినవన్నీ ఒకటీ రెండూ వేసి రాయమన్నారు.

"ఎవలే నువ్వు?" అన్నాడు మంత్రగాడు. అక్క ఏ పేరూ చెప్పలేదు.

"పోనీ ఏటి గావాల నీకు?"

అక్క దగ్గుతూ, మగగొంతులాంటి గొంతుతో, ఈ గాజులు తీసెయ్యమంది. మా అమ్మ తన పక్కన పడుకోవాలంది. మూడోసారి చాలా స్పష్టంగా, "నన్ను ఆ ఇంటికి పంపకండి" అంది.

నేను గుండ్రటి అక్షరాలతో మూడు అని వేసి ఆ మాట రాశాను. మంత్రగాడు దాన్ని చదివించుకుని నాన్నతో, "సూసేరా బాబూ, ఆ ఇంట్లో దేవుడు బలంగా ఉన్నాడు. అందుకే ఇది ఎల్లనంటన్నాది. ఎంత బేగి పంపిస్తే అంత బేగి వదుల్తాది" అన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. నాకూ తోచింది. గాజులు తీసి కొత్తవి తొడిగి, ఒక రాత్రి అమ్మ పక్కన పడుకోబెట్టి, మర్నాడు బావ వెంట అక్కను పంపించేశారు. ఆ తర్వాత పండగలకు బావతో వచ్చినప్పుడు అక్క నోరెత్తేది కాదు. పిల్ల నెమ్మదస్తురాలైందని మేం సంతోషించాం.

సినిమా మీద రాయాల్సిన వ్యాసంలో ఇదంతా రాసి ఇచ్చాను. ఇంకేం రాయాలన్నా చేతకాలేదు. మాస్టారు మెచ్చుకుంటారని లోపల ఎక్కడో ఆశపడ్డాను కూడా, అబద్ధం ఎందుకు. మర్నాడు ఆయన నన్ను వరండాలోకి పిలిచారు. చేతిలో నా కాగితాలు ఉన్నాయి, వాటి మీద మార్కు లేదు.

"మీ యక్క ఇప్పుడెక్కడున్నాది?"

"కోటబొమ్మాళిలోనే సార్."

"మరి నువ్వు ఇక్కడేటి సేస్తన్నావు?"

కాగితాలు నా చేతిలో పెట్టి క్లాసులోకి వెళ్ళిపోయారు. నేను అటునుంచి అటే బస్సెక్కాను.

అక్క పెరట్లో గిన్నెలు తోముతోంది. వెనక నుంచి రెండుసార్లు పిలిచాను, తిరగలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగమే వినిపిస్తోంది. బావ మొదటి వారం నుంచే కొట్టేవాడు. మంత్రగాడి సంగతి తెలిశాక ఆ ఇంటికి మరీ వీలైపోయింది.

"నేను ఏటి మాటాడినా దెయ్యం మాటాడతన్నాదని కొడతన్నారే" అంది అక్క. "అందుకే మాటాడ్డం మానీసేను."

"మాకు ఎందుకు సెప్పలేదక్కా?"

"సెప్పేను కదే. అందరి ముందరా సెప్పేను. నువ్వే రాసేవు."

రా, ఎల్లిపోదాం అని మాత్రం అనగలిగాను. అక్క చేతులు కడుక్కుని, చీర మార్చుకోకుండానే నా వెంట వచ్చేసింది. వీధరుగు మీంచి వాళ్ళ అత్త, "మళ్ళీ పట్టినాది దీనికి! పట్టుకోండి, పట్టుకోండి!" అని అరిచింది. వీధిలో జనం చూశారు. మేం ఆటో ఎక్కేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు.

నాన్న మరుసటి రోజే వెనక్కి పంపుతానన్నారు. నేను ఫోను చేస్తే మాస్టారు అదే బురద ప్యాంటుతో స్కూటరు మీద వచ్చి, మా దుకాణంలో బస్తా మీద కూర్చున్నారు.

"ఎల్లనన్న మాట అమ్మాయిది కాదండి మేస్టారూ, దాన్ని పట్టినోల్లది" అన్నారు నాన్న.

"నోరు మీ అమ్మాయిదే కదండి. ఒక్కసారి మీరే పిలిచి, పేరు పెట్టి అడగండి. ఆవిడ ఎల్తానంటే నేనే దిగబెట్టి వస్తాను."

నాన్న అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో ఆయనకు తెలుసనుకుంటాను. పంపడం మాత్రం మానేశారు. చాలా నెలలు నాతో మాట్లాడలేదు, మాస్టారి పేరెత్తితే లేచిపోయేవారు.

మాస్టారు మరో నాలుగేళ్ళకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. అప్పటికి నాకు విజయనగరంలో ఉద్యోగం వచ్చి, అక్కను తెచ్చుకున్నాను. అక్క ఒక బట్టల షాపులో పనికి కుదిరింది. పొందూరు వెళ్ళి చివరి చూపు చూసి, సాయంత్రానికి ఇల్లు చేరాను. అక్క నన్ను ముట్టుకోకుండా స్నానానికి నీళ్ళు తోడింది. తల ఆరబెట్టుకుంటూ మాస్టారి గురించి చెబుతూపోయాను, ఏడ్చాను. అక్క కుడి చెవి నావైపు తిప్పి అంతా విన్నది.

"ఒకటి అడుగుతాను" అంది. "ఆయన ఆ సినిమా సూపించకపోతే నువ్వు వచ్చేదానివా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అక్క నా పెదాల వైపే చూస్తోంది.

"వచ్చేదాన్ని కాదక్కా."

"అనుకున్నాను" అంది అక్క. లేచి నాకు అన్నం పెట్టింది.

మాస్టారి గురించి ఎవరికైనా గర్వంగా చెప్పుకుంటాను. ఇవాళ మీకూ చెప్పాను. అక్క ముందు మాత్రం ఆయన పేరు ఎత్తాలంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.