ఆరేళ్ల పాత మ్యాపు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడే సందులోంచి వెనక్కి పోతే, కార్ల సామాన్ల కొట్లు నాలుగు వరసగా ఉంటాయి. మూడోది శివరాములుది. సీటు కవర్లు, స్టీరియోలు, రివర్స్ కెమెరాలు బిగిస్తాడు. వయసు యాభై నాలుగు. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాడు. మగ్గాల మోటార్లు బాగుచేయడం నేర్చుకుని, ఇరవై రెండో యేట పట్నం వచ్చి కార్ల వైరింగులోకి దిగాడు. ఉండేది ఎర్రగడ్డలో. భార్య రజని ఇంటి దగ్గర జాకెట్లు కుడుతుంది.

అతను ఒక వెలుగు వెలిగిన కాలం ఒకటి ఉంది. అప్పట్లో కారు అద్దానికి రబ్బరు కప్పుతో అతికించే జీపీఎస్ డబ్బాలు కొత్తగా వచ్చాయి. అరచేతిలో పట్టేంత ఉండేవి. పోవాల్సిన చోటు పేరు కొడితే చాలు, తెలుగులోనే కుడికి, ఎడమకి అని చెప్పేవి. వాటిలో ఏటేటా కొత్త మ్యాపు ఎక్కించాలి. ఆ పని ఆ చుట్టుపక్కల శివరాములుకు వచ్చినట్టు ఎవరికీ వచ్చేది కాదు. ఆదివారం పొద్దున పంజాగుట్ట నుంచీ, సనత్‌నగర్ నుంచీ జనం కార్లేసుకుని వచ్చి వరసలో నిలబడేవాళ్లు. అందరూ అతన్ని జీపీఎస్ శివరాములు అనేవాళ్లు. ఆ పేరు వింటే అతనికి కడుపు నిండిపోయేది.

తర్వాత ఫోన్లలోకే దారులు వచ్చేశాయి. ఆ వెనకే కార్లు షోరూము నుంచే తెరతో దిగడం మొదలైంది. "డ్యాష్‌బోర్డుల కూసున్నది కారుతోనే పాతబడ్తది, భాయ్. దాన్ని ఇంకో కారుకు మార్చుకోవస్తదా? రిపేరొస్తే షోరూముకే పోవాలె. గిదైతే జేబులేసుకొని ఇంటికి పోవచ్చు" అని శివరాములు వాదించేవాడు. అందులో అబద్ధం లేదు. చెప్పని నిజాలు మాత్రం ఉన్నాయి. కారులోనే పుట్టిన నావిగేషన్ చక్రాలు ఎంత తిరిగాయో చూసుకుంటూ పోతుంది కాబట్టి, ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పోయినా దారి తప్పదు. దాని తెర పెద్దది. వైరు వేలాడదు. ఎండకు రబ్బరు కప్పు ఊడి ఒళ్లో పడదు. ఇవన్నీ శివరాములుకు తెలుసు. తెలిసే వాదించేవాడు.

చంద్రావతి అతని పాత గిరాకీ. శ్రీనగర్ కాలనీలో కొడుకు నరేందర్ దగ్గర ఉంటుంది. ప్రభుత్వ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. బూడిద రంగు చిన్న కారు స్వయంగా నడుపుతుంది. ఫోనులో దారి చూడటం ఆమెకు నచ్చదు. "ఎవరన్న కాల్ చేస్తే దారి మాయమైతది. నాకు నీ డబ్బానే మంచిది" అనేది. ఏడాదికోసారి మ్యాపు మార్పించుకోవడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చేది.

రెండువేల పద్దెనిమిదిలో ఆ డబ్బా తయారుచేసినవాళ్లు ఆ మోడల్‌కు ఇక కొత్త మ్యాపులు రావని చెప్పేశారు. ఆ ఏడు చంద్రావతి వచ్చినప్పుడు శివరాములు ఆ మాట చెబుదామనే అనుకున్నాడు. "నువ్వున్నవనే ధైర్యం శివరాములు" అంటూ ఆమె సర్వపిండి డబ్బా బల్ల మీద పెట్టింది. అతను జీపీఎస్‌ను లోపలికి తీసుకుపోయాడు. లాప్‌టాప్‌కు తగిలించాడు. కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత గుడ్డతో తెర తుడిచి తెచ్చి, "అయిపోయింది టీచరమ్మా" అన్నాడు. డబ్బులు వద్దన్నాడు. డబ్బు తీసుకోలేదు కాబట్టి అది మోసం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. సర్వపిండి మాత్రం తిన్నాడు.

అట్లా ఆరేళ్లు జరిగింది.

మధ్యలో ఆమె అడగకపోలేదు. "జర చూడు శివరాములు, మొన్న లేని రోడ్డు మీదికి తిరుగుమన్నది" అంది ఒకసారి. ఫ్లైఓవర్ల కింద సిగ్నల్ అట్లానే ఉంటుందని సర్దిచెప్పాడు. మరో ఏడు మళ్లీ అడిగితే, దొరికిపోతానేమోనన్న భయంలో నోటికి వచ్చింది అనేశాడు.

"మీరే టర్నింగులు మిస్ అయితున్నరేమో టీచరమ్మా. జర నిమ్మలంగ చూస్కోని పోండ్రి."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అయ్యుండొచ్చు" అంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఫిర్యాదు చేయలేదు.

మొన్న ఆగస్టులో ఒక మధ్యాహ్నం చంద్రావతి ఆటోలో వచ్చింది. చేతిలో జీపీఎస్ డబ్బా, దాని వైరు చుట్టి పెట్టిన కవరు ఉన్నాయి. ముఖం పీక్కుపోయి ఉంది.

"కారేది టీచరమ్మా?"

"తాళాలు నరేందర్ తీసుకున్నడు" అంటూ స్టూలు మీద కూర్చుంది. "ధాత్రిని డ్యాన్స్ పోటీకి తోల్కపోయిన. ఎల్బీ నగర్ దాటినంక హాలు. ఇది కుడికి అన్నది. చూస్తే గోడ. మళ్ల తిప్పుకొని ఎటో పోయి వన్‌వేలకు ఎదురు జొచ్చిన. బస్సులు, లారీలు. హారన్లు. పిల్ల ఒకటే ఏడుపు. మేం పోయేటాల్లకు పోటీ అయిపోయింది."

ధాత్రి ఆమె మనవరాలు. ఏడేళ్ల పిల్ల.

"నరేందర్ పంజాగుట్టల మతిమరుపు డాక్టర్‌కు చూపించిండు. వంద నుంచి ఏడు తీసేస్కుంట పొమ్మన్నడు డాక్టరు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అన్న. ఆగిపోయిన." ఆమె కవరులోని వైరు విప్పి మళ్లీ చుట్టింది. "లెక్కల టీచర్‌ను శివరాములు. డెబ్బై తొమ్మిది కాడ ఆగిపోయిన. కొడుకు పక్కనే కూసున్నడు. వాని మొఖం చూడలేకపోయిన."

డబ్బానూ, కవరునూ బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో. ఎవరికన్న పనికొస్తది. మెషిన్‌ది తప్పు లేదు. నువ్వు ఏటేటా కొత్త మ్యాపు ఏస్తనే ఉన్నవు. నువ్వు అన్ననాడే నాకు సమజ్ కావాల్సుండె, నా బుర్రనే చెడిపోతున్నదని. నిన్ను ఊకె సతాయించిన. ఏమనుకోకు."

చెప్పాల్సిన సమయం అదే. శివరాములు నోరు తెరిచాడు. అప్పుడే ఎవరో వచ్చి రివర్స్ కెమెరా ఉందా అని అడిగారు. అతను ఆ మాటను తాడులా పట్టుకున్నాడు. లోపలికి పోయి, అవసరం లేకున్నా నాలుగు పెట్టెలు దించాడు. తిరిగి వచ్చేసరికి ఆమె లేచి నిలబడి ఉంది.

"ఏం కాదు టీచరమ్మా. వయసుకు అట్లనే ఉంటది" అన్నాడు.

ఆమె తలూపి, మెట్లు దిగి, ఆటో కోసం చెయ్యెత్తింది.

ఆ మాట తానే అన్నాడంటే శివరాములు నమ్మలేకపోయాడు. మోసం ఆరేళ్ల నాటిది, దానికి అలవాటు పడిపోయాడు. ఈ మాట మాత్రం ఇప్పటికిప్పుడు, ఆమె కళ్లలోకి చూస్తూ అన్నది. రెండు రోజులు అన్నం సహించలేదు. ఏమైందని రజని అడిగితే ఎసిడిటీ అన్నాడు. మూడో రోజు ఆదివారం. పొద్దున్నే జీపీఎస్‌ను బండి హ్యాండిల్‌కు టేపుతో చుట్టి బయలుదేరాడు. అందులో ఆమె చివరిసారి కొట్టిన చిరునామా అట్లాగే ఉంది. అది ఎటు చెబితే అటే పోవాలని నిశ్చయించుకున్నాడు.

ఎల్బీ నగర్ దాకా బాగానే పోయింది. తర్వాత, "మూడు వందల మీటర్ల తర్వాత కుడి వైపు తిరగండి" అంది. మూడు వందల మీటర్ల తర్వాత కాంక్రీటు గోడ. దాని అవతల, కొత్తగా తవ్విన అండర్‌పాస్‌లో కింద నుంచి కార్లు రయ్యిన పోతున్నాయి. డబ్బా తెర మీద అక్కడ గోడా లేదు, కింద రోడ్డూ లేదు. పాత చౌరస్తా అమాయకంగా మెరుస్తోంది. దారి మళ్లీ లెక్కిస్తున్నానని చెప్పి, పక్క వీధిలోకి తిప్పింది. అతను తిరిగాడు. వీధి చివర మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు. అది ఇప్పుడు వన్‌వే. బండి పక్కకు లాగి కాలు ఆన్చేలోపే కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్! కండ్లు కనబడ్తలేవా? గింత వయసొచ్చింది, బోర్డు చదవొస్తలేదా?"

శివరాములు తల వంచుకున్నాడు. ఆమెను కూడా ఇట్లాగే ఎవరో అని ఉంటారు. వెనక సీట్లో పిల్ల వింటూ ఉండగా. ఆ తిట్టు తనకు రావాల్సింది, ముందుగా ఆమెకు పోయింది. రోడ్డు పక్కన బండి ఆపి, టేపు విప్పి డబ్బాను జేబులో వేసుకున్నాడు. తర్వాత నేరుగా శ్రీనగర్ కాలనీకి పోయాడు.

తలుపు నరేందర్ తీశాడు. బ్యాంకులో ఉద్యోగం అతనికి. "రా అన్నా" అని లోపలికి పిలిచాడు. చంద్రావతి సోఫాలో కూర్చుని ధాత్రికి జడ వేస్తోంది. శివరాములు కూర్చోలేదు. జీపీఎస్‌ను టీపాయ్ మీద పెట్టాడు.

"టీచరమ్మా, మీ బుర్రల ఏం ఖరాబు లేదు. దీంట్లనే ఉన్నది. దీంట్లున్నది పాత మ్యాపు. నేను ఎక్కించలే. ఎక్కించినట్టు నటించిన. కొత్తయి వస్తనే లేవు దీనికి. ఆ ముచ్చట మీకు చెప్పలే."

చంద్రావతి చేతిలో జడ ఆగిపోయింది. అతనే మళ్లీ అన్నాడు. "మీరు టర్నింగులు మిస్ అయితున్నరన్నది సుత అబద్ధమే. నేను దొరుకుతనని అట్లన్న. ఇయ్యాల దీన్ని పట్టుకొని పోయి చూసిన. నేను సుత ఆ వన్‌వేలనే జొచ్చిన."

నరేందర్ ముఖం ఎర్రబడింది. "అన్నా, మా అమ్మను దవఖానకు తోల్కపోయిన. స్కాన్ సుత చేయించిన. నేను నా నోటితోని అన్న, అమ్మా నువ్వు ఇంక కారు ముట్టొద్దని. తెల్సా నీకు?"

"తెల్సు."

"అమ్మ వచ్చి చెప్పినంక సుత రెండు దినాలు ఊకున్నవా?"

"ఊకున్న" అన్నాడు శివరాములు.

ధాత్రి సగం వేసిన జడతో వెనక్కి తిరిగింది. "నానమ్మా, అయితే నీకు మతిమరుపు లేదా?"

చంద్రావతి మిగతా జడ అల్లింది. జడ చివర రబ్బరు బ్యాండు పెట్టి, పిల్లను లోపలికి పొమ్మంది. అప్పుడు శివరాములు వైపు చూసింది.

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేండ్లు."

ఆమె టీపాయ్ మీది డబ్బాను అవతలికి జరిపింది. "మూడేండ్ల కింద సరూర్‌నగర్‌ల మా దోస్తు ఇంటికి పోవుడు బంద్ చేసిన. మల్లమల్ల దారి తప్పుతున్నా అని. ఆమెకు చెప్పలే, సిగ్గేసి. మోకాళ్ల నొప్పులన్న. నిరుడు ఆమె పోయింది. పోయిందని ఫోనొస్తే తెల్సింది." గొంతు పెంచలేదు. బోర్డు మీద లెక్క చేసినట్టు ఒక్కో మాట వరసగా చెప్పింది. "తెల్వదు అన్న పిల్లగాన్ని నేనెన్నడు కొట్టలే శివరాములు. నువ్వు ఒక్కమాట తెల్వదు, కాదు, రాదు అంటే అయిపోతుండె. నేను ఇంకోటి కొనుక్కుంటుంటి."

"తప్పయింది టీచరమ్మా."

"పో ఇగ. ఇయ్యాల నాకు నీ మొఖం చూడబుద్ధయితలేదు."

శివరాములు చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు. నిజం చెప్పాక గుండె తేలికవుతుందని ఎక్కడో విన్నాడు. అట్లా ఏమీ కాలేదు. సరూర్‌నగర్ ముచ్చట అతనికి అంతవరకు తెలియదు. తెలిశాక బరువు ఇంకా పెరిగింది.

ఆ రాత్రి రజనికి అంతా చెప్పాడు. ఆమె కత్తెర పక్కన పెట్టి విన్నది. "ఆమె ఒక్కతేనా? ఇంకెవరికన్న చేసినవా?" అని మాత్రం అడిగింది.

చేశాడు. మర్నాడు పాత నోటుబుక్కు తీసి పద్నాలుగు పేర్లు ఏరాడు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, మీ దాంట్లో నేను మ్యాపు మార్చలేదు, దాన్ని నమ్ముకోకండి అని చెప్పాడు. చాలామంది నవ్వారు. "అది ఎప్పుడో పారేసినం అన్నా. ఇంక యాదుంచుకున్నవా?" అన్నారు. ఏ పేరు పోతుందని భయపడి తాను అబద్ధాలాడాడో, ఆ పేరు వాళ్లకు గుర్తు కూడా లేదు. ఆ నవ్వులు అతనికి తిట్లకంటే ఎక్కువ తగిలాయి. దుకాణం ముందున్న జీపీఎస్ బోర్డును స్టూలెక్కి తానే విప్పాడు.

డాక్టరు దగ్గరికి రెండోసారి పోయినప్పుడు చంద్రావతి వంద నుంచి ఏడేసి తీసేస్తూ, చివరి రెండు మిగిలేదాకా ఆగకుండా లెక్క చెప్పిందని తర్వాత తెలిసింది. నరేందర్ తాళాలు ఇచ్చేశాడు. పాత కారు అమ్మేసి, కంపెనీ నుంచే నావిగేషన్‌తో వచ్చే కొత్త కారు కొన్నాడు.

దీపావళి పోయిన వారానికి ఆ కారు దుకాణం ముందు ఆగింది. చంద్రావతి దిగలేదు. అద్దం దించింది. ఆమె చేతిలో స్టీలు డబ్బా లేదు.

"ఒక్కటి అడుగుదామని వచ్చిన. ఇది కార్లనే ఉన్నది గద. దీని మ్యాపు సుత పాతదైతదా?"

శివరాములు కారు దగ్గరికి పోయాడు, కానీ తలుపు మీద చెయ్యి వేయలేదు. "అయితది టీచరమ్మా. దీంట్లకు ఎక్కించుడు నాకు రాదు. షోరూమోళ్లే ఎక్కించాలె. ఎక్కించినంక సెట్టింగులల్ల తేదీ కనబడ్తది. వాళ్ల మాట కాదు, తేదీ చూడుండ్రి."

ఆమె తెర మీద వేలు పెట్టి, తానే వెతికి, తేదీ చూసుకుంది. అతన్ని చూపించమని అడగలేదు.

"ఎన్నేండ్ల దాక ఇస్తరు కొత్తయి?"

"నాకు తెల్వదు."

చంద్రావతి అతని వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేమైనా ఉందో అతనికి అందలేదు. "షోరూముల అడుగుత" అని అద్దం ఎక్కించింది. కారు మెల్లగా సందు మొదటి దాకా పోయి, పంజాగుట్ట వైపు తిరిగింది. లోపల గిరాకీ రెండోసారి పిలిచాక శివరాములు మెట్లెక్కాడు.