ఊచ వేలెడు జారితే

ఆఫీసులో అందరూ కొలబద్ద అని పిలిచే ఆ మనిషి పొద్దుటి నుంచి కుర్చీలో కుదురుగా కూచోలేదు. కాంక్రీటు పోతకు సెంట్రింగ్ చెక్కలు కొడుతూ బతుకు మొదలుపెట్టి, డ్రాయింగులు గీయడం పట్టుకుని, ఎవరూ నేర్పకుండానే ప్రోగ్రాములు రాసేదాకా వచ్చినవాడు. దూలం లోతెంత, ఇనుమెంత అని మనిషి నాలుగు రకాలు వేసి చూసే చోట అతని ప్రోగ్రాము వేల రకాలు వేసి చూస్తుంది. నియమాలన్నిటికీ లోబడినవాటిలో అన్నిటికన్నా తేలికైనదాన్ని ఏరి పెడుతుంది.

ఈసారి పని అక్కది. ఆవిడ ఇస్త్రీ దుకాణం మీద ఒక గది, గది ముందు బాల్కనీ. కింది స్తంభాలు పాతవి, మూలది మరీ బక్కది. పైన ఎంత తేలికగా కడితే అంత మంచిది. ప్రోగ్రాము లెక్క తేల్చేసింది. ఇంజనీరు మేడమ్ సంతకం పెడితే రేపు సెంట్రింగ్ వాళ్ళు దిగుతారు.

"ఇంకా ఏం తిప్పుతున్నావయ్యా? సరిపోయిందిగా," అంది మేడమ్.

"సరిపోయిందండీ. మరీ తూచినట్టు సరిపోయింది. అదే మింగుడుపడటం లేదు."

కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు. టీ తాగానో లేదో గుర్తులేక ఖాళీ కప్పు నోటి దగ్గర పెట్టుకున్నాడు. గోడలోంచి బయటికి చాచిన బాల్కనీని పట్టి ఉంచేది పలకలో పైవరసన వేసే ఇనుప ఊచలు; అవి కిందికి జారితే పట్టు తగ్గిపోతుంది. కాంక్రీటు తట్టలతో వచ్చేవాళ్ళు తొక్కేదీ వాటినే. తొక్కకండిరా అని అరిచే మేస్త్రి కూడా వాటి మీద నిలబడే అరుస్తాడు. గీసిన ఊచ గీసిన చోటే ఉంటుంది, తొక్కిన ఊచ ఉండదు.

ఊచ వేలెడు కిందికి జారిందనుకోమని ప్రోగ్రాముకు చెప్పి మళ్ళీ నడిపాడు. బాల్కనీ మందం పెరిగింది, దాంతో బరువూ పెరిగింది. మూల స్తంభం చేతులెత్తేసింది. వెడల్పు సగానికి తగ్గిస్తే గాని ఒప్పుకోలేదు.

అక్కకు ఫోను చేశాడు.

"సగమా? కుర్చీ పడుతుందట్రా?"

"పట్టదక్కా. నిలబడాలి."

అవతల ఇస్త్రీ పెట్టె ఠక్కున దించిన చప్పుడు.

"పొద్దస్తమానం నిలబడే కదరా చస్తున్నా. ఎప్పుడైనా కాస్త కూలబడదామనే కదా కట్టించుకునేది. ముందు వేసింది బాగుందన్నావుగా?"

"కాగితం మీద బాగుంది. కూచునేది నువ్వు."

ఫోను పెట్టేశాక ముందు వేసిన కాగితాన్ని చించేశాడు గాని కాలు నిలవలేదు. అసలు బయటికి చాచడం ఎందుకు? గది ముందు గోడను లోపలికి జరిపి, కుర్చీ పట్టే చోటు స్తంభాల వరసకు లోపలే వదిలి చూశాడు. జరిపిన గోడ కింద ప్రోగ్రాము ఒక దూలాన్ని లావు చేసింది. మూల స్తంభం తట్టుకుంది. ఊచ వేలెడు జారినా తట్టుకుంది.

మళ్ళీ ఫోను చేశాడు. "అక్కా, కుర్చీ పడుతుంది. గదే చిన్నదైపోతుంది. మంచం వేస్తే బీరువా పట్టదు."

"బీరువా మీ బావదిలే. నువ్వు గియ్యి."

మేడమ్ సంతకం పెట్టింది. డ్రాయింగు చుట్టి చంకన పెట్టుకుని, ఊచలు కట్టబోయేది ఎవరో కనుక్కోవడానికి అతను అప్పుడే బయల్దేరాడు.