దాటాక మళ్ళీ ఆగే రైలు

పిల్లలూ, ఇలా నా దగ్గరకు జరిగి కూర్చోండి. నా చిన్నప్పుడు ధమ్తరి నుంచి రాయపూర్‌కి చిన్న లైను మీద బుల్లి రైలు నడిచేది. ఆ దారిలో చాలా గేట్లకు కాపలా ఉండేది కాదు. గేటుమనిషి రైల్లోనే వచ్చేవాడు. గేటు ముందు బండి ఆగితే అతను దిగి రోడ్డుకి అడ్డంగా గేటు వేసేవాడు. బండి దాటి మళ్ళీ ఆగేది. అతను గేటు తీసి, పరుగున వచ్చి ఎక్కేవాడు.

ఆ రోజు మా తాతయ్యా నేనూ కురూద్‌లో అత్త ఇంటి నుంచి తిరిగి వస్తున్నాం. మా అమ్మ పురిటికి విజయనగరం వెళ్తోంది, ఆ రోజే రాయపూర్ నుంచి మధ్యాహ్నం బండికి ప్రయాణం. ఇక నెలల తరబడి కనబడదు. బండి కదిలేలోగా అమ్మను చూడాలి. మా రైలేమో ఆలస్యంగా బయలుదేరింది. నేను సీటు మీద నిలవలేదు, కిటికీకీ తలుపుకీ తిరుగుతూనే ఉన్నాను.

అభన్‌పూర్ దాటాక ఒక గేటు దగ్గర బండి ఆగి, కదిలి, మళ్ళీ ఆగింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"మనం దాటేశాం కదా తాతా. ఆ గేటు అలాగే వదిలేసి పోమను."

రైల్వేలో పనిచేసి రిటైరైన తాతయ్య కోప్పడలేదు. "దిగే బుల్లీ, ఆ మాటేదో నువ్వే సెప్పుదువు గాని" అని నన్ను దింపి గేటు దాకా నడిపించాడు.

"క్యా బాబా, మనవరాలికీ నౌకరీ ఇప్పిస్తావా?" అని గేటుమనిషి వేళాకోళం చేశాడు.

గేటు అవతల ఒక ఆటో. అందులో ఒక తల్లి ఒళ్ళో పిల్లాడు మూలుగుతున్నాడు, నుదుటి మీద తడిగుడ్డ. "జల్దీ ఖోల్ నోనీ" అందామె, త్వరగా తియ్యమ్మా అని. గేటుమనిషి పక్కన చేరి, ఆ తుప్పు గేటును నా బలమంతా పెట్టి తోశాను. ఆటో దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

"మనం దాటీసాం. మరి ఆళ్ళు దాటొద్దేటి?" అన్నాడు తాతయ్య, నన్ను బండి ఎక్కిస్తూ.

రాయపూర్‌లో ఒకటే పరుగు. అమ్మ బండి అప్పటికే కదులుతోంది. కిటికీలోంచి అమ్మ చెయ్యి ఊపింది, తుప్పు అంటిన చెయ్యి నేనూ ఊపాను. అంతే. ఆ గేటు దగ్గర ఆగకపోతే అమ్మ ఒడిలోకి ఎక్కేదాన్నేమో. ఈనాటికీ అనిపిస్తుంది. గేటు తియ్యకుండా రావలసింది అని మాత్రం ఎన్నడూ అనిపించలేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ తిరిగి వచ్చిన రోజు, ఆ ఆటోలో పిల్లాడికి ఎలా ఉందో అని గుర్తొచ్చింది.

ఇప్పటికీ ఎంత తొందరలో ఉన్నా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, ఎవరి దారైనా మూసి వచ్చానా అని. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీకు అవసరం పడిన రోజున, మీ ముందు దాటినవాళ్ళు గేటు తీసి వెళ్ళాలి.