తప్పు మాట్లాడని బ్యాచ్

ఛత్రినాకలో మా పాల దుకాణం పై అంతస్తులో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు నడిచేది. బోర్డు మీద తప్ప ఆ స్పోకెన్ ఇంకెక్కడా లేదు. అయినా నేను చేరాను. సైదాబాద్‌లో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌కు మనుషులు కావాలన్నారు, ఇంగ్లీష్ రావాలన్నారు. ఆ ఉద్యోగం నాకు కావాలి. రోజంతా పాలు పోసే కోడలికి జీతమెవరిస్తారు? బిడ్డ చెప్పులకు కూడా అత్తనే అడుక్కోవాలి.

మా సారుకు ఇంగ్లీషంటే ఎట్, ఇన్, ఆన్, టు, అంతే. మిగతా భాష ఏ గంగలో కలిసినా ఆయనకు పట్టదు. ‘మ్యారీడ్ టు, గుడ్ ఎట్, అఫ్రెయిడ్ ఆఫ్’ అని ఎక్కాల్లాగా అరిపించేవాడు. ఆయనకు ఫోనొస్తే మాత్రం “హాఁ భాయ్, బోలో” అనేవాడు. క్లాసు బయట ఆయన నోట ఇంగ్లీషు ముక్క విన్నవాళ్ళు లేరు.

మాట్లాడేటప్పుడు మాలో ఎవరికైనా ఆ ఎట్టూ ఇన్నూ తప్పితే మెడలో ఒక అట్ట వేసేవాడు. దాని మీద ‘నాకు ఇంగ్లీష్ రాదు’ అని రాసి ఉండేది. ఇంకొకరు తప్పు మాట్లాడేదాకా అది దిగదు. క్లాసు అయ్యేసరికి ఎవరి మెడలో ఉంటే వాళ్ళు దాంతోనే బజార్లో నడిచి ఇంటికి పోవాలి. ఛీ, పిల్లల తల్లులకు చేసే మర్యాదేనా అది!

కొన్నాళ్ళకే క్లాసంతా నోళ్ళు కుట్టేసుకుంది. సారు ఏమడిగినా నవ్వి తలలూపేవాళ్ళం. మాట్లాడకపోతే తప్పెక్కడిది? సారు పొంగిపోయాడు. “చూసిన్రా, నా బ్యాచ్‌ల ఒక్క తప్పు రాదు!” అందరికంటే గట్టిగా నోరు మూసుకున్న నన్ను ఫస్టు అన్నాడు. బుద్ధి ఉన్నవాడు అనే మాటేనా?

మాదన్నపేట కూరగాయల మార్కెట్ నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం రోజూ మాట్లాడేది, రోజూ అట్ట వేసుకుని పోయేది. సిగ్గనిపించదా అని అడిగితే, “మార్కెట్ల నేను తినే తిట్ల ముందట గిదేందక్కా? ఫికర్ చెయ్యకు” అంది.

ఆస్పత్రికి ఇద్దరం ఒకేరోజు పోయాం. మేనేజరు ఇంగ్లీషులో నన్ను అడిగిందల్లా ఎలా వచ్చారని. బై ఆటోనా, ఇన్ ఆటోనా, ఆన్ ఆటోనా? చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. క్లాసులో లాగే నవ్వి తలూపాను. ఆయన నన్ను మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నాడు.

నా వెనకే ఆ అమ్మాయి. “ఆటో కమింగ్ సార్! మస్తు ట్రాఫిక్ సార్!” అంది. మేనేజరు నవ్వి ఇంకోటి అడిగాడు, దానికీ ఏదో అంది. ఉద్యోగం ఆమెకిచ్చారు.

నేను తిరిగొచ్చి సారుకు జరిగింది చెప్పాను.

“తప్పయితే మాట్లాడలేదు కదమ్మా? శభాష్!” అన్నాడు. అంతటితో ఊరుకోక, కొత్త బ్యాచ్ ముందు నన్ను నిలబెట్టాడు. “గీ అక్కను చూసి నేర్సుకోన్రి. ఇంటర్వ్యూల కూడా ఒక్క తప్పు చెయ్యలే.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఉద్యోగం వచ్చిందా అని ఒక్కరూ అడగలేదు. అడగాలంటే నోరు తెరవాలి కదా.