గట్టిముడి జెండా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కొత్త ఉద్యోగం, కాకినాడలో కుట్టించుకున్న సఫారీ సూటు, ఇంకేం కావాలి? దక్షిణాఫ్రికాను ఉద్ధరించే పని నాకే అప్పగించినట్టు నడిచేవాణ్ణి. డర్బన్‌లో మెరీబ్యాంక్ అనే పేటలో ఒక అవ్వ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చాడట. ఇంట్లో అందరిదీ ఇంగ్లీషే. తెలుగు మాత్రం అవ్వ దగ్గర తిట్ల రూపంలో భద్రంగా ఉండేది. నేను దిగాక వాటికి మంచి గిరాకీ వచ్చింది.

తెల్లవాళ్ళ పాలన పోయి అందరికీ ఓట్లొచ్చిన మరుసటి ఏడు, అక్కడి స్వాతంత్ర్య దినాన పేట మైదానంలో పండగ చెయ్యాలనుకున్నారు. కమిటీ పెద్ద అవ్వ కొడుకే. ఆయన్ని అందరూ చైర్మన్ అంకుల్ అనేవారు. కొత్త జెండా ఎగరెయ్యడానికి పేరున్నవాళ్ళెవరినైనా పిలుద్దామని ఆయన అంటుంటే, అవ్వ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "నేను లాగతా. పాత జెండా కింద ముసిల్దాన్నయిపోయినా. ఈ జెండా తాడు నాదే. ఇంకోడు ముట్టుకుంటే చెయ్యిరగ్గొడతా," అంది. ఆ విషయం మీద ఇక చర్చ జరగలేదు.

అక్కడ జెండాను తాడుకి కట్టి, అందరూ చూస్తుండగా మెల్లగా పైకి లాగుతారు. నాకది మరీ చప్పగా తోచింది. బట్టలారేసుకున్నట్టు ఇదేం జెండా వందనం? మా ఊళ్ళో అయితే పూలరేకులు పోసి జెండాని మూటలా చుట్టి, జారుముడి వేసి, ముందే స్తంభం చివరికి ఎక్కిస్తాం. పెద్దలెవరో తాడు గుంజగానే మూట విచ్చుకుని పూలు రాలతాయి. హైస్కూల్లో ఆ ముడి వేసే హోదా నాదే. ఈ సంగతి చెప్పగానే అవ్వ పెరట్లోని బంతిపూలన్నీ దూసి నా చేతిలో పోసింది. అంతటితో ఊరుకోవచ్చు కదా! పిల్లలు సంబరపడతారని పూలతో పాటు పిప్పరమెంట్లు కూడా గుప్పిళ్ళతో పోశాను. మూట గుమ్మడికాయంత అయింది. ఆ బరువుకి ముందే ఊడిపోతుందేమోనని జారుముడి మీద గట్టిముడి కూడా ఒకటి బిగించాను. (తెలివి మీరితే ఇలాంటివే తోస్తాయి.)

మైదానం కిటకిటలాడింది. ఒకపక్క బిర్యానీ డేగిశాలు, ఇంకోపక్క పాట పాడటానికి వచ్చిన జులూ బడిపిల్లలు, వెనక రిఫైనరీ గొట్టాల పొగ. అవ్వ పట్టుచీర కొంగు బిగించి తాడు లాగింది. మూట ఊగిందే గాని విచ్చుకోలేదు. మళ్ళీ లాగింది. ఊహూ. సఫారీ సూటు లోపల నాకు చెమటలు ధారలు కట్టాయి.

చైర్మన్ అంకుల్ తల్లి చెవి దగ్గరకొచ్చి, "మా, వదిలెయ్. దించి మన పద్ధతిలో ఎక్కిద్దాం. ఈ ఇండియా సోకులు ఎవరడిగారు?" అని ఇంగ్లీషులో గొణిగాడు.

"నువ్వు సుమ్మా ఉండు. తాడు నేనొదల్ను," అని ఆయన్ని కసిరి, అవ్వ నా వైపు తిరిగింది. "ఏటిరా ఇండియా అబ్బాయ్, జెండా కట్టినావా, దొంగని కట్టినావా? చెచ్చా, రా." (సుమ్మా అరవమాట, ఊరికే అని; చెచ్చా అంటే జులూలో త్వరగా అని.) నేను పరుగున వెళ్ళి తాడు పట్టుకోబోయాను. చేతిమీద ఒక్కటిచ్చింది. "తాడు కాదు. నా నడుం పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి వెనక్కి వాలాం. ముడి పుటుక్కున ఊడింది. పూలు అవ్వ మీద, పిప్పరమెంట్లు చైర్మన్ అంకుల్ బట్టతల మీద వడగళ్ళలా కురిశాయి. సరిగ్గా అప్పుడే జాతీయగీతం అందుకున్నారు. ఆయన తల తడుముకోవడానికి లేదు, పిల్లలు వంగి ఏరుకోవడానికి లేదు. అంత నిటారుగా నిలబడి నేలను అంత భక్తిగా చూసిన జనాన్ని నేను మళ్ళీ చూడలేదు.

పాట అవగానే అవ్వ, "దించు. మళ్ళీ కట్టు," అంది.

"ఎందుకవ్వా? ఎగిరింది కదా."

"ఊడతాదో లేదోనని బయ్యంతో ముడినే సూసినా. జెండా విచ్చుకున్నది సూడలేదు. ఇప్పుడు సూస్తా లాగతా."

రాలిన పూలే ఏరి, ఈసారి ఉత్త జారుముడి వేశాను. అవ్వ తలెత్తి, కళ్ళార్పకుండా లాగింది. అది చూసి పక్కింటావిడ నేనూ లాగుతానంది. ఆవిడ వెనక ఇంకొకావిడ, ఆ వెనక బడిపిల్లలతో వచ్చిన జులూ ముసలమ్మ చేరారు. కాసేపటికి అక్కడ ఓట్లనాడు కట్టినట్టే పెద్ద వరస తయారైంది. చివర్లో చైర్మన్ అంకుల్ కూడా, తలమీద బంతిరేకుతో, గప్‌చిప్‌గా వచ్చి నిలబడ్డాడు. నేను కడుతూనే ఉన్నాను. తెమిలేసరికి బిర్యానీలో మాడు మిగిలింది.

ఇప్పుడు నాకూ వయసు మీదపడి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. డేగిశా అడుగు గీక్కుని తింటూ, ఈ భాగోతం ఆఫీసులో పొక్కకుండా చూడు స్వామీ అని మొక్కుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద ముద్దూ వస్తుంది. వాడి పక్కనే అవ్వ, తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. వెన్న రాయమంటారా అని అడిగాను.

"వద్దు, ఉండనీ," అంది. "రేపు కూడా సూసుకోవాల."