ఇటుక పొడికి అరిగిన చిగుళ్లు

అక్కా, నా అక్షరాలు వంకర టింకరగా ఉంటాయి, తప్పులుంటే ఏమీ అనుకోకు. నాలుగో తరగతి చదువుకు ఇంతే వచ్చింది.

ఈ రోజు పొద్దున మా ఆయన నన్ను హనుమకొండలో పండ్ల డాక్టరుకు చూపించారు. నెల రోజులుగా నా ముందు పన్ను కదులుతోంది. ముసలి డాక్టరు నా నోట్లో చిన్న అద్దం పెట్టి చూశాడు.

"ఏంతోని తోముతానవ్ బిడ్డా?"

"ఇటుక పొడితోని, సార్. రోజుకు మూడుసార్లు."

"పండ్లు తోముతానవా, అంట్ల బోళ్లు తోముతానవా?" అని నవ్వాడు.

పళ్లకు పట్టి గట్టిపడిన గార ఇటుక పొడికి పోలేదట. చిగుళ్లే అరిగి పళ్ల వేళ్లు బయటపడ్డాయట. గార డాక్టరే గీకి తీశాడు. ఇకనుంచి వేపపుల్లను మెత్తగా నమిలి, నెమ్మదిగా తోముకోమన్నాడు.

"ఉన్న చిగుళ్లను కాపాడుకో బిడ్డా. పోయినయి మళ్ల రావు."

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో మా ఆయన అడిగారు. "గంత గట్టిగ ఎందుకు తోమినవే?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పాను. "పెండ్లైన కొత్తల మీరే అన్నరు గద, నీ పండ్లు పసుపు కొమ్ముల లెక్క ఉన్నయని."

"నేనా? ఎప్పుడన్న?"

ఆయనకు నిజంగానే గుర్తు లేదు. నాలుగేళ్లుగా ఆ ఒక్క మాటనే రోజూ మూడుసార్లు తోముతున్నాను అక్కా.

బావ నీతో అన్న మాటలు బావకు గుర్తుంటాయా? జవాబు రాయి. ఈ ఉత్తరం మాత్రం చదవగానే పొయ్యిలో వెయ్యి. అమ్మ చూస్తే ఆయనను తిట్టుకుంటుంది. ఆయన చెడ్డవారు కారు, మరిచిపోయారంతే.